కారు సస్పెన్షన్‌కు మరమ్మతు అవసరమైందని గుర్తించడం ఎలా

క్లచ్ అరిగితే బండి ఎత్తు ఎక్కదు, బ్యాటరీ పోతే పొద్దున్నే కారు స్టార్ట్ కాదు. ఇలాంటి లోపాలు తమంతట తామే యజమానికి తెలిసిపోతాయి. చక్రాలకూ బాడీకీ మధ్య ఉండి గతుకుల దెబ్బను తీసుకునే సస్పెన్షన్ సంగతి వేరు. అది నెలల తరబడి కొంచెం కొంచెంగా క్షీణిస్తుంది కాబట్టి, రోజూ అదే కారు నడిపే మనిషి శరీరం ఆ మార్పుకు తెలియకుండానే అలవాటు పడిపోతుంది. చాలా కాలం తర్వాత ఊరి నుంచి వచ్చిన బంధువు వెనుక సీట్లో కూర్చుని "ఏమిటి, బండి ఇంతగా ఊగుతోంది?" అని అడిగితే గానీ విషయం బయటపడదు. అందువల్ల ఈ ఒక్క విషయంలో "నాకు బాగానే ఉన్నట్టుంది" అన్న అనుభూతిని నమ్మకుండా, ఒక పద్ధతి ప్రకారం చూసి, కొలిచి, విని నిర్ణయించుకోవాలి. అలా చేయడం వల్ల ఇంకొక లాభం కూడా ఉంది: గ్యారేజీలో "కింద సామాను మొత్తం మార్చాలండి" అన్న మాట వినగానే తలూపకుండా, ఏ భాగం, ఏ వైపు, ఎందుకు అని అడిగే స్థితిలో ఉంటారు.

ఇక్కడ చెప్పేది మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే స్విఫ్ట్, వ్యాగనార్, ఐ20, టియాగో వంటి కార్లను దృష్టిలో ఉంచుకుని చెబుతున్నది. ఇప్పుడు వస్తున్న ఈ కార్లలో ముందు చక్రాలకు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ ఒకటిగా కూర్చిన నిలువు గొట్టం), వెనుక చక్రాలకు టార్షన్ బీమ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే, కొద్దిగా మెలిపడగల అడ్డ దూలం) ఉంటాయి. కమాన్ కట్టలున్న పికప్‌లకూ ట్రాలీలకూ కొన్ని పరీక్షలు వేరుగా ఉంటాయి.

ఏ భాగం ఏ పని చేస్తుంది

షాక్ అబ్జార్బర్ అన్న పేరు కొంత తప్పుదోవ పట్టిస్తుంది. చక్రం గుంతలో పడినప్పుడు ఆ దెబ్బను నిజంగా తీసుకునేది కాయిల్ స్ప్రింగ్. నొక్కుకుపోయిన స్ప్రింగ్ పైకి లేచి, మళ్లీ కిందికి దిగి, అలా ఊగుతూనే ఉండిపోకుండా దానిని అణచి ఉంచేది గ్యారేజీల్లో షాకబ్జర్ అని పిలిచే ఈ గొట్టం. దాని లోపల పిస్టన్ కదిలినప్పుడల్లా నూనె సన్నని వాల్వుల గుండా ఒత్తిడితో పారుతుంది. ఆ ఒరిపిడిలో స్ప్రింగ్ ఊపు వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. సీలు అరిగి నూనె కారిపోయినా, లోపల వాల్వులు అరిగిపోయినా స్ప్రింగ్‌ను పట్టి ఉంచే శక్తి తగ్గిపోతుంది. అప్పుడు పోయేది ప్రయాణ సుఖం ఒక్కటే అనుకోకూడదు. గతుకుల మీద చక్రం ఎగిరెగిరి పడుతుంటే, టైరు రోడ్డును వదిలిన ఆ క్షణాల్లో బ్రేకుకు గానీ స్టీరింగుకు గానీ పట్టు ఉండదు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారైనా ఆ లోటును పూడ్చలేదు.

మిగతా భాగాల పని చక్రాన్ని దాని స్థానంలో నిలిపి ఉంచడం. చక్రాన్ని కింది నుంచి పట్టుకుని ఉండేది లోయర్ ఆర్మ్. అది బండి ఫ్రేమ్‌కు అతుకుల్లో కూర్చునే రబ్బరు బుష్‌లతోనూ, చక్రం వైపు అన్ని దిశల్లో తిరిగే గుండు లాంటి బాల్ జాయింట్‌తోనూ కలిసి ఉంటుంది. మలుపుల్లో కారు ఒక పక్కకు ఒరగకుండా రెండు చక్రాలను కలిపే ఇనుప కడ్డీ స్టెబిలైజర్ బార్; దానిని స్ట్రట్‌కు కలిపే చిన్న కడ్డీ లింక్ రాడ్. స్ట్రట్ పైభాగం బానెట్ కింద టాప్ మౌంట్ అనే రబ్బరు దిమ్మె మీద, ఒక బేరింగ్ మీద ఆనుకుని తిరుగుతుంది. స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే కడ్డీ కొస అయిన టై రాడ్ ఎండ్ నిజానికి స్టీరింగ్ భాగమే అయినా, అది వదులైతే వచ్చే లక్షణాలు వీటితో కలిసిపోతాయి కనుక పరీక్షలో దానినీ చేర్చుకోవాలి.

ఎన్ని కిలోమీటర్లకు ఇవి పోతాయన్న ప్రశ్నకు ఒక్క సంఖ్యతో సమాధానం చెప్పడం సరికాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ఐఆర్‌సీ:99 ప్రమాణం ప్రకారం గంటకు 25 కి.మీ. వేగంతో దాటవలసిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, 17 మీటర్ల వ్యాసార్ధం గల వంపుతో ఉండాలన్నది అప్పటి నియమం. మన కాలనీల్లో ఎవరికి వారు పోసుకున్న సిమెంటు గట్లను ఒక్కసారి తలచుకుంటే, అదే మోడల్ కారు జాతీయ రహదారి మీద తిరిగితే ఎంత కాలం మన్నుతుందో, వీధుల్లో తిరిగితే అంత కాలం ఎందుకు మన్నదో అర్థమవుతుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల ఎండకు నిలబడే కార్లలో రబ్బరు బుష్‌లు గట్టిపడి పగులుతాయి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలి ఇనుమును తింటుంది. ముఖ్యంగా స్ప్రింగ్ కింది చుట్టు కూర్చునే గిన్నెలో బురద, నీరు నిలిచి, పైకి కనిపించకుండానే తుప్పు పట్టి ఒకనాడు ఆ చుట్టు విరుగుతుంది. కాబట్టి కిలోమీటర్ల లెక్క కంటే మీ కారు తిరిగే దారిని బట్టి జాగ్రత్త పడటం మంచిది. సాధారణంగా 10,000 కి.మీ.కు ఒకసారి చేయించే సర్వీసుతో పాటు, వర్షాకాలం ముగియగానే ఒకసారి కింది పరీక్షలన్నీ చేసుకోవాలని నా సలహా.

నిలబెట్టి చేసే పరీక్షలు

మొదట నాలుగు టైర్లలోనూ గాలి సరిచూడండి. కారు కొన్ని గంటలు నిలిచి చల్లబడి ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద రాసిన ఒత్తిడికి సరిపోల్చాలి. ఒక ముందు టైరులో గాలి తగ్గినా కారు ఆ పక్కకు లాగుతుంది. గాలి ఎక్కువైతే ప్రతి గతుకూ నడుముకు తగులుతుంది. ఈ పని చేయకుండా ముందుకు వెళితే మిగతా పరీక్షలన్నీ తప్పు దారి చూపిస్తాయి.

తర్వాత టైరు మీది అరుగుదలను చూడండి. నా దృష్టిలో సస్పెన్షన్ గురించి అబద్ధం చెప్పని సాక్షి టైరే. రెండు అంచులూ అరిగి మధ్య భాగం మిగిలితే గాలి తక్కువగా నడిపారని, మధ్య మాత్రమే అరిగితే గాలి ఎక్కువైందని అర్థం. ఈ రెండింటికీ సస్పెన్షన్‌తో సంబంధం లేదు. ఒక్క లోపలి అంచు మాత్రమే అరుగుతుంటే అలైన్‌మెంట్ (చక్రాల కోణాల అమరిక) తప్పిందని, లేదా వదులైన బుష్, వంగిన ఆర్మ్ చక్రాన్ని వాల్చేస్తున్నదని అనుమానించాలి. లోపలి అంచు బయటికి కనిపించదు కాబట్టి స్టీరింగ్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పి, వంగి చూడాలి. తర్వాత అరచేతిని ట్రెడ్ (టైరు రోడ్డుకు ఆనే భాగం) మీద అడ్డంగా, మొదట లోపలి నుంచి బయటికి, మళ్లీ బయటి నుంచి లోపలికి నిమరండి. ఒక దిశలో నునుపుగా, ఎదురు దిశలో రంపపు పళ్లలా తగిలితే టో కోణం (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పింది. అదే టైరు చుట్టూ అక్కడక్కడా గిన్నెల్లాంటి పల్లాలు చేతికి తగిలితే చక్రం ఎగిరి పడుతూ దొర్లుతోందని అర్థం. షాక్ అబ్జార్బర్ బలహీనపడిందని చెప్పే బలమైన గుర్తు అది. చక్రం బ్యాలెన్సింగ్ చాలాకాలం తప్పి ఉన్నా ఇలాంటి పల్లాలు పడవచ్చు కాబట్టి ఆ రెండింటినీ కలిపి చూడాలి. ట్రెడ్ గాడుల్లో ఉండే 1.6 మి.మీ. ఎత్తు గుర్తుల దాకా టైరు అరిగిపోయి ఉంటే, సస్పెన్షన్ సంగతి ఎలా ఉన్నా ఆ టైరు మార్చక తప్పదు.

సమతలంగా ఉన్న నేల మీద కారును నిలిపి, టేపుతో ప్రతి చక్రం మధ్య బిందువు నుంచి నిట్టనిలువుగా ఫెండర్ (చక్రం పైని రేకు) అంచు దాకా ఎంత ఎత్తు ఉందో కొలవండి. ఒకే యాక్సిల్ మీది ఎడమ, కుడి కొలతల మధ్య తేడా సెంటీమీటరు దాటితే ఒక స్ప్రింగ్ కుంగింది లేదా విరిగింది. వెనుక రెండూ సమానంగా కుంగితే ఈ తేడా కనిపించదు. అలాంటప్పుడు రాత్రివేళ ఎదురు వాహనాలవాళ్లు, మీరు లో బీమ్ వేసినా, డిప్ చేయమని మాటిమాటికీ లైట్లు కొడుతుంటే దానినొక గుర్తుగా తీసుకోవచ్చు. సంక్రాంతికి ఊరు వెళ్లి, ఐదుగురు మనుషులతో, డిక్కీలో రెండు బియ్యం బస్తాలతో తిరిగి వచ్చినప్పుడు వెనుక భాగం దిగడం సహజమే. బరువు దించిన తర్వాత కూడా దిగి ఉంటేనే అది లోపం.

ఇక అందరికీ తెలిసిన పరీక్ష, మూలను నొక్కి వదలడం. చక్రానికి పైన బాడీ గట్టిగా ఉన్నచోట రెండు చేతులూ ఆనించి, మూడు నాలుగు సార్లు లయగా నొక్కి, కిందికి దిగిన క్షణంలో చేతులు తీసేయండి. కారు ఒకసారి పైకి లేచి, తన స్థానానికి వచ్చి నిలవాలి. రెండు మూడు సార్లు ఊగితే ఆ మూల షాక్ అబ్జార్బర్ పని అయిపోయినట్టే. అయితే దీనికి ఒక పరిమితి ఉంది: చేత్తో నొక్కే వేగం చాలా తక్కువ, గుంతలో చక్రం కదిలే వేగం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. అందువల్ల ఈ పరీక్షలో తప్పిన భాగం చెడిపోయిందని నమ్మవచ్చు గానీ, నెగ్గిన భాగం బాగున్నదని నమ్మలేము.

టార్చిలైటుతో చక్రం వెనుక నుంచి స్ట్రట్ గొట్టాన్ని చూడండి. పైభాగంలో పల్చని చెమట లాంటి తడి ఉంటే గుర్తుపెట్టుకుని వచ్చే నెల మళ్లీ చూస్తే చాలు. గొట్టం పొడవునా నూనె చారలు కట్టి, వాటి మీద దుమ్ము ముద్దలా పేరుకుని ఉంటే సీలు పోయింది. నూనె స్ట్రట్‌దేనా అన్నది కూడా నిర్ధారించుకోవాలి. పక్కనే ఉండి, ఇంజిన్ శక్తిని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూటు చిరిగితే దానిలోని గ్రీజు చుట్టూ చిమ్మి ఇలాగే కనిపిస్తుంది. అదే చూపులో స్ప్రింగ్ చుట్లనూ, బుష్‌ల పగుళ్లనూ, బాల్ జాయింట్ మీది రబ్బరు టోపీ చిరిగిందేమో కూడా చూసుకోండి. ఆ టోపీ చిరిగితే లోపలికి ఇసుక, నీరు చేరి జాయింట్ త్వరగా అరిగిపోతుంది.

నడుపుతూ వినవలసినవి

ఈ భాగానికి తగినంత సమయం ఇవ్వండి, ఎందుకంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఒకసారి నా కారుకు ముందు ఎడమ వైపు చప్పుడు వస్తోందని ఒక గ్యారేజీలో చూపిస్తే రెండు స్ట్రట్‌లూ మార్చారు. ఇంటికి వచ్చేదాకా అదే చప్పుడు. వారం తర్వాత ఇంకొక మెకానిక్ లింక్ రాడ్ ఒక్కటి మార్చగానే ఆగిపోయింది. ఆ స్ట్రట్‌ల ఖర్చుతో పోలిస్తే లింక్ రాడ్ ధర చాలా చిన్నది. ఆ రోజు నుంచి చప్పుడు ఎప్పుడు వస్తున్నదో తేల్చుకోకుండా కారును ఎవరికీ అప్పగించలేదు.

ముందుగా డిక్కీ ఖాళీ చేయండి. సరిగా బిగించని స్టెప్నీ, జాకీ, డోరు జేబులోని నీళ్ల సీసా చేసే లొడలొడను సస్పెన్షన్ చప్పుడుగా పొరబడటం చాలా సాధారణం. ఏసీ, పాటలు ఆపి, అద్దాలు దించి, ప్రహరీ గోడ పక్కగా నెమ్మదిగా నడపండి. గోడకు తగిలి తిరిగి వచ్చే చప్పుడు ఏ పక్క చక్రానిదో స్పష్టంగా వినిపిస్తుంది. వెనుక సీట్లో ఒకరిని కూర్చోబెట్టుకుంటే ముందుదా వెనుకదా అన్నది కూడా తేలిపోతుంది.

చిన్న చిన్న గతుకుల మీద, ముఖ్యంగా ఒక చక్రం మాత్రమే గుంతలో దిగినప్పుడు "టకటక" మని పల్చగా వినిపిస్తే మొదట లింక్ రాడ్‌ను, స్టెబిలైజర్ బార్ బుష్‌లను అనుమానించాలి. రోడ్డు వెడల్పంతా ఉన్న స్పీడ్ బ్రేకర్‌ను రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా దాటినప్పుడు ఆ కడ్డీ మెలిపడదు కనుక చప్పుడు తగ్గుతుంది. ఏటవాలుగా ఒక్కో చక్రం ఎక్కేలా దాటితే పెరుగుతుంది. ఈ తేడాను పట్టుకోగలిగితే సగం రోగ నిర్ధారణ అయినట్టే.

బ్రేకు వేసినప్పుడు ఒకసారి, మళ్లీ బయలుదేరినప్పుడు ఒకసారి "ధడ్" మని లోతైన శబ్దం వస్తే లోయర్ ఆర్మ్ వెనుక బుష్ చిరిగి ఉండవచ్చు. ఖాళీ స్థలంలో మెల్లగా ముందుకు వెళ్లి బ్రేకు, రివర్స్‌లో వెళ్లి బ్రేకు వేసి చూస్తే ఇది బయటపడుతుంది. బ్రేకు వేసినప్పుడు మాత్రమే స్టీరింగ్ ఒక పక్కకు లాగడం కూడా ఈ బుష్ వల్ల కావచ్చు. అయితే ఒక పక్క బ్రేకు క్యాలిపర్ పట్టేసినా అలాగే లాగుతుంది.

కారు కదలకుండా స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగ్ బిగుసుకుని ఒక్కసారిగా వదిలినట్టు "ఠంగు" మంటే టాప్ మౌంట్ బేరింగ్ తిరగడం లేదు. బానెట్ ఎత్తి, ఒకరు స్టీరింగ్ తిప్పుతుండగా ఇంకొకరు మౌంట్ మీద చెయ్యి ఆనిస్తే ఆ కుదుపు తెలుస్తుంది. స్ప్రింగ్ చుట్ల మధ్య మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేళ్లు పెట్టకూడదు. స్పీడ్ బ్రేకర్ మీద పాత తలుపులా కిర్రుమంటే గట్టిపడిన రబ్బరు బుష్‌లు కారణం. ఓ మోస్తరు గుంతకే "ధబ్బు" మని కారు కింద తగిలినట్టుంటే స్ప్రింగ్ కుంగిందో, షాక్ అబ్జార్బర్ చేతులెత్తేసిందో చూడాలి; అలా కొంతకాలం నడిపితే స్ట్రట్ పూర్తిగా కుంగినప్పుడు దెబ్బను ఆపే బంప్ స్టాప్ రబ్బరు కూడా పిండి అయిపోతుంది.

సస్పెన్షన్‌వి కాని చప్పుళ్లను వేరు చేయడం కూడా అంతే అవసరం. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలేటప్పుడు వరుసగా "టక్ టక్ టక్" మంటే అది డ్రైవ్ షాఫ్ట్ జాయింట్. వేగంతో పాటు పెరిగే "గుంయ్" మనే హోరు వీల్ బేరింగ్‌ది కావచ్చు, పల్లాలు పడిన టైరుదీ కావచ్చు. గతుకుల మీద లొడలొడ వినిపిస్తున్నప్పుడు బ్రేకు పెడల్ మీద కాలు మెల్లగా ఆనించి చూడండి. చప్పుడు ఆగిపోతే బ్రేకు ప్యాడ్లు వదులుగా ఉన్నాయి. 80, 100 కి.మీ. మధ్య మాత్రమే స్టీరింగ్ వణికితే ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేయించాలి.

చప్పుడు లేకుండా తెలిసే మార్పులూ ఉంటాయి. గట్టిగా బ్రేకు వేస్తే ముక్కు బాగా కిందికి వాలడం, హైవే మీద వంతెన చేరే చోటి ఎత్తుపల్లాన్ని దాటిన తర్వాత కారు ఇంకా తేలుతున్నట్టుండటం, శ్రీశైలం, తిరుమల ఘాట్ మలుపుల్లో మునుపటికన్నా ఎక్కువగా ఒరగడం షాక్ అబ్జార్బర్ల బలహీనతకు గుర్తులు. తిన్నని రోడ్డు మీద కారు ఎడమకు కొద్దిగా జరిగితే తొందరపడకండి. వర్షపు నీరు పోవడానికి రోడ్డు అంచుల వైపు వాలుగా ఉంటుంది. సమతలంగా ఉన్న చోట కూడా లాగితేనే లెక్కలోకి తీసుకోవాలి.

చక్రం ఎత్తి చూసేటప్పుడు

గట్టి నేల మీద హ్యాండ్ బ్రేకు వేసి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ముందు చక్రాన్ని జాకీతో ఎత్తి, కింద స్టాండు పెట్టండి. జాకీ ఒక్కదాని మీద నిలిచిన కారు కిందికి తల గానీ చేయి గానీ పెట్టకూడదు. స్టాండు లేకపోతే ఈ పరీక్షను ర్యాంపు ఉన్న గ్యారేజీలోనే చేయించుకోండి. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే, ఆట (వదులు వల్ల వచ్చే కదలిక) తగిలిందంటే బాల్ జాయింట్ గానీ వీల్ బేరింగ్ గానీ అరిగింది. ఆ సమయంలో ఇంకొకరు బ్రేకు నొక్కి ఉంచినప్పుడు ఆట మాయమైతే బేరింగ్ అనీ, మిగిలితే జాయింట్ అనీ ఊహించవచ్చు. ఎడమ, కుడి అంచులు పట్టుకుని ఊపినప్పుడు ఆట ఉంటే టై రాడ్ ఎండ్‌ను చూడాలి. లింక్ రాడ్‌ను మాత్రం చక్రం గాలిలో ఉన్నప్పుడు పరీక్షించి తీర్పు చెప్పకూడదు. బిగుతు పట్టిన కడ్డీ తన వదులును దాచేస్తుంది.

బాల్ జాయింట్‌లో, టై రాడ్ ఎండ్‌లో ఆట తగిలినా, విరిగిన స్ప్రింగ్ కొస టైరుకు దగ్గరగా వచ్చినా కారును అక్కడే ఆపేసి, టోయింగ్ వాహనంతో గ్యారేజీకి తీసుకెళ్లాలి. ఆ జాయింట్లు ఊడితే చక్రం మీ చేతిలో ఉండదు. లింక్ రాడ్ చప్పుడు, బుష్ కిర్రు ఒకటి రెండు వారాలు ఆగగలవు.

గ్యారేజీలో గమనించవలసినవి

షాక్ అబ్జార్బర్లనూ, స్ప్రింగులనూ ఒకే యాక్సిల్ మీద రెండూ కలిపి మార్చాలి; ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే రెండు పక్కలూ ఒకేలా స్పందించవు. లింక్ రాడ్‌కు ఈ నియమం అంత కచ్చితం కాదు. పాత షాక్ అబ్జార్బర్‌ను కోసి నూనె నింపి ఇచ్చే పనిని నేను సిఫారసు చేయను, ఎందుకంటే అరిగిన వాల్వులు నూనె పోసినంత మాత్రాన బాగుపడవు. కుంగిన స్ప్రింగ్ చుట్ల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు కూడా కారును ఎత్తుగా చూపిస్తాయే గానీ స్ప్రింగ్‌కు పోయిన బలాన్ని తిరిగి ఇవ్వవు. స్ట్రట్ నుంచి స్ప్రింగ్‌ను విడదీసే పనిని ఇంట్లో ప్రయత్నించవద్దు. స్ప్రింగ్‌ను నొక్కి పట్టే సరైన కంప్రెసర్ లేకుండా విప్పితే నొక్కి ఉన్న స్ప్రింగ్ ప్రాణం తీయగలదు.

లోయర్ ఆర్మ్ మార్చేటప్పుడు మెకానిక్‌ను ఒక మాట మర్యాదగా అడగండి: బుష్ బోల్టులను చివరిగా బిగించేది కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడేనా? చక్రం గాలిలో వేలాడుతుండగా బిగించేస్తే, కారు నేల మీద దిగగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండి, కొత్త బుష్ కూడా కొద్ది నెలల్లో చిరుగుతుంది. "కొత్త సామాను నాసిరకం" అన్న చాలా ఫిర్యాదుల వెనుక ఉన్నది ఈ పొరపాటేనని నా నమ్మకం.

అలైన్‌మెంట్‌ను వదులు భాగాలు మార్చిన తర్వాతే చేయించాలి, ముందు చేయించిన డబ్బు వృథా. చేసే ముందటి, చేసిన తర్వాతి కొలతల కాగితం అడిగి తీసుకోండి. చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాల టో కోణం మాత్రమే సర్దవచ్చు, క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే అక్షం వాలు) సర్దడానికి ఏర్పాటు ఉండదు. కాబట్టి ఒక పక్క క్యాంబర్ పరిమితి దాటి ఉంటే, ఎక్కడో ఒక భాగం వంగి ఉందని ఆ కాగితమే చెబుతుంది. మార్చిన పాత భాగాలను కూడా చేతిలోకి తీసుకుని, ఆట ఎక్కడ ఉందో చూపించమనండి.

కొత్త స్ప్రింగులు వేస్తే కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి అవి సర్దుకున్నాక, మొదట కొలిచినట్టే నాలుగు చక్రాల దగ్గరా ఎత్తు కొలిచి, తేదీతో, మీటరు మీది కిలోమీటర్లతో సహా సర్వీసు పుస్తకం వెనుక పేజీలో రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది టేపు పట్టుకున్నప్పుడు పోల్చి చూడవలసింది ఆ నాలుగు అంకెలతోనే.